అయిన వడ్డీ, పేరుకుపోయిన వడ్డీ

(విజయనగరంలో డిగ్రీ చదువుతూ బ్యాంకు పరీక్షలకు తయారవుతున్న విద్యార్థుల ముందు, పదవీ విరమణ చేసిన ఒక బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగం.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడులో నా మాట అంత దూరం రాదు.

మీ మాస్టారు నన్ను పిలిచి, "పిల్లలు ఇంగ్లీషు పేపర్లో ఒకేలా కనిపించే మాటల దగ్గర మార్కులు పోగొట్టుకుంటున్నారు, ఓ గంట మాట్లాడండి" అన్నారు. గంటలో పాతిక జతలు చెప్పొచ్చు. మీరు రాసుకుంటారు, ఎల్లుండికి మరిచిపోతారు. అందుకని ఒక్క జతే తెచ్చాను. అక్రూ (accrue), అక్యుములేట్ (accumulate). ముప్పై ఏళ్ళకు పైగా శ్రీకాకుళం జిల్లాలో బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నాను. ఈ రెండు మాటలూ రోజూ నా చేతి మీదుగానే వెళ్ళేవి. అయినా వీటి తేడా నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఒక రైతు చెప్పాడు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్త. మా బ్రాంచి నుంచి అప్పులు తీసుకున్నవాళ్ళకి ఏడాదికోసారి ఉత్తరాలు వెళ్ళేవి. పై నుంచి ఇంగ్లీషు నమూనా వచ్చేది, దాన్ని తెలుగులోకి మార్చే పని కుర్రాణ్ణని నాకు అప్పగించారు. అందులో "అక్రూడ్ ఇంట్రెస్ట్" అని ఉంది. డిక్షనరీ తీశాను. క్రమంగా పెరుగు, పోగగు, చేరు అని వరసగా ఉన్నాయి. నాకు "పేరుకుపోయిన వడ్డీ" బాగుందనిపించింది. చెవికి కూడా గట్టిగా ఉంది. అదే రాసి, స్టెన్సిల్ కోసి, వందల కాపీలు తీసి పంపేశాం.

నాలుగు రోజులకి ఒక పెద్దాయన బ్రాంచికి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దానికి రబ్బరు బ్యాండు. కౌంటర్ మీద పెట్టి ఒక్కొక్క రసీదూ బయటికి తీసి పరిచాడు. మడతల దగ్గర చిరిగిపోతాయేమోనని బొటనవేలితో నెమ్మదిగా సాపు చేస్తున్నాడు. ఆయనకు చదువు రాదు. ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ టీ కొట్టు దగ్గర, నలుగురి మధ్యన పైకి చదివాడట. నలుగురూ విన్నారు. "నాను ఏటేటా కట్టేస్తన్నాను బాబూ. రసీదులు ఇయిగో. పేరుకుపోడానికి నా దగ్గిర ఏటుంది?" అన్నాడు. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

నేను లెడ్జరు తీసి చూశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పాత బాకీ పైసా లేదు. ఉత్తరంలో ఉన్న మొత్తం, కిందటిసారి కట్టిన రోజు నుంచి ఆ తేదీ వరకు అయిన వడ్డీ మాత్రమే. అంకె సరిగ్గానే ఉంది, నేను రాసిన మాటే తప్పు. ఆ మాట వల్ల ఒక మనిషి ఊళ్ళో ఎగవేతదారు అయిపోయాడు. ఆ కథ మిగతాది చివర్లో చెప్తాను.

ఇప్పుడు మాటల దగ్గరికి వద్దాం. రెంటికీ డిక్షనరీలో "క్రమంగా పెరుగు" అనే ఉంటుంది కాబట్టి రెండూ ఒకటేనని మనం అనుకుంటాం. పుట్టుక చూడండి. రెండూ లాటిన్ నుంచి వచ్చినవే. అక్రూ అన్నది ఫ్రెంచి మీదుగా వచ్చింది, దాని మూలం "క్రెస్కెరె", అంటే పెరగడం. మొక్క పెరిగినట్టు, నెలవంక పెరిగినట్టు. నెలవంకని ఇంగ్లీషులో క్రెసెంట్ అంటారు కదా, అదీ ఇంక్రీజ్ అన్న మాటా దీని చుట్టాలే. అక్యుములేట్‌కి మూలం "క్యుములస్", అంటే కుప్ప. ఎండాకాలం మధ్యాహ్నం కొండల మీద దూది కుప్పలు పోసినట్టు తెల్ల మబ్బులు లేస్తాయే, వాటికి 1802లో ల్యూక్ హోవార్డ్ అనే ఆయన క్యుములస్ అని పేరు పెట్టింది అందుకే.

అంటే ఒకటి చెట్టుకు కాయ కాయడం, రెండోది కాయల్ని కోసి కుప్ప పోయడం. ఉద్దానం నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ఆఁ, ఉన్నారు. కొబ్బరికాయలోకి నీళ్ళు ఎలా వస్తాయో ఎవరూ చూడలేదు. ఎవరూ పొయ్యలేదు. చెట్టు నిలబడి ఉంది, కాలం గడిచింది, నీళ్ళు ఊరాయి. అది అక్రూ. పెరట్లో దింపు తీసిన కాయలు గుట్టగా పడి ఉన్నాయి, అది అక్యుములేషన్. గుట్టకి చెట్టు అక్కర్లేదు. పక్క ఊరి నుంచి బండి మీద తెచ్చి పోసినా అది గుట్టే.

పోలిక బాగుంది గానీ పరీక్షలో అక్కరకు రావాలంటే లెక్కలోకి దిగాలి. లెక్క తేలిగ్గా ఉండాలని ఒక అంకె అనుకుందాం. లక్ష రూపాయల డిపాజిట్, ఏడాదికి 7.3 శాతం వడ్డీ. ఏడాదికి 7,300. 365తో భాగించండి. రోజుకి సరిగ్గా 20 రూపాయలు. మీరు ఈ రోజు డిపాజిట్ వేసి ఇంటికెళ్ళి పడుకున్నారు. రేపు పొద్దున్నకి 20 రూపాయలు మీవి అయిపోయాయి. పాస్‌బుక్కులో లేవు, చేతిలో లేవు, అడిగితే ఈ రోజు ఇవ్వరు కూడా. కానీ మీవే. 90 రోజులకి 1,800. దీన్నే "ఇంట్రెస్ట్ అక్రూస్" అంటాం. రావడం వేరు, రావలసినది అవడం వేరు. ఈ రెండోదానికే అక్రూ అన్న మాట.

ఇప్పుడు ఇద్దరు డిపాజిటర్లను చూడండి. ఒకాయన రిటైరైన మాస్టారు. మూణ్ణెల్లకోసారి వచ్చి వడ్డీ తీసుకెళ్ళి మందులు కొనుక్కుంటారు. ఆయన డిపాజిట్ మీద వడ్డీ అక్రూ అవుతూనే ఉంది, అక్యుములేట్ మాత్రం కావడం లేదు. పుట్టింది పుట్టినట్టు వెళ్ళిపోతోంది. రెండో ఆవిడ కూతురి పెళ్ళి కోసం వేసింది, వడ్డీ ముట్టుకోదు, అసలులో కలిపేయమంది. ఆమెకు వడ్డీ అక్రూ అవుతోంది, అక్యుములేట్ కూడా అవుతోంది. బ్యాంకులో ఆ రకం డిపాజిట్‌కి క్యుములేటివ్ అని పేరు. చూశారా, మళ్ళీ అదే కుప్ప. ఈ ఇద్దరినీ మీరు మనసులో కూర్చోబెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

వెనక నుంచి ఎవరో ఏదో అడిగారు. గట్టిగా చెప్పు బాబూ. ఆఁ. "సార్, అక్యుములేట్ అయి అక్రూ కానిది ఉంటుందా?" చాలా మంచి ప్రశ్న. బోలెడన్ని ఉంటాయి. బీరువా మీద దుమ్ము పేరుకుంటుంది. దుమ్ము ఎవరికీ హక్కుగా రాదు. కాలవలో గుర్రపుడెక్క పేరుకుంటుంది. టేబుల్ మీద ఫైళ్ళు పేరుకుంటాయి. వీటిలో దేనికీ అక్రూ పనికిరాదు. "డస్ట్ అక్రూస్" అని రాస్తే చదివేవాడి పంటికింద రాయి పడ్డట్టుంటుంది.

బ్యాంకులోనే ఇంకో ఉదాహరణ. 2010 ఏప్రిల్ 1 నుంచి సేవింగ్స్ ఖాతాలో ఏ రోజు నిల్వ మీద ఆ రోజుకి వడ్డీ కడుతున్నారు. అంతకు ముందు అలా కాదు. నెలలో పదో తేదీ నుంచి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న కనీస నిల్వ మీదే వడ్డీ. పదకొండో తేదీన జీడిపిక్కలు అమ్మిన డబ్బు తెచ్చి వేసినవాడికి, ఆ డబ్బు నెలాఖరు దాకా ఖాతాలో కదలకుండా ఉన్నా, దాని మీద ఆ నెలకి వడ్డీ లేదు. డబ్బు పోగైంది, వడ్డీ పుట్టలేదు. "ఒక్కరోజు ముందు రావలసింది నాన్నా" అని కౌంటర్ దగ్గర ఎంతమందికి చెప్పానో. అలా చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ బాధగానే ఉండేది.

ఈ తేడా బాగా తగిలేది పన్ను దగ్గర. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం అయిదో సెక్షన్‌లో, చేతికి అందిన ఆదాయం అని ఒక మాట, "అక్రూస్ ఆర్ అరైజెస్" అని ఇంకో మాట విడివిడిగా పెట్టారు. క్యుములేటివ్ డిపాజిట్ వేసినవాళ్ళు మార్చి అయ్యాక వచ్చి, "నేను వడ్డీ రూపాయి కూడా తీసుకోలేదు కదండీ, టీడీఎస్ ఎలా కోస్తారు?" అని అడిగేవారు. న్యాయమైన ప్రశ్నే. మీరు తీసుకోలేదు, కానీ అది మీకు అయింది. చేతికి రాకపోయినా అయింది. ఆ "అయింది"కే పన్ను. కామర్స్ పిల్లలకి ఇది కొత్త కాదు. మార్చిలో కాల్చిన కరెంటుకి ఏప్రిల్‌లో బిల్లు వచ్చినా, ఖర్చు మార్చి ఖాతాలోనే రాయాలి. 2013 కంపెనీల చట్టం 128వ సెక్షన్ కంపెనీల పుస్తకాలు ఈ అక్రూవల్ పద్ధతిలోనే రాయాలంటుంది. అదే కంపెనీకి ఏళ్ళ తరబడి వచ్చిన నష్టాలన్నీ కలిపితే వాటిని అక్యుములేటెడ్ లాసెస్ అంటారు, పేపర్లలో సంచిత నష్టాలని రాస్తారు. అక్కడ అక్రూడ్ అని ఎవరూ అనరు.

ఇక్కడ ఒక సంగతి మీ పుస్తకాల్లో దొరకదు, జాగ్రత్తగా వినండి. అక్రూ అంటే క్రమంగా పెరగడం అనే మనం మొదలుపెట్టాం. కానీ కోర్టు భాషలో ఈ మాట పెరగనే పెరగదు. 1963 కాలపరిమితి చట్టంలో 113వ ఆర్టికల్ ఉంది. వేరే గడువు ఏదీ చెప్పని దావాలకి మూడేళ్ళు గడువు, ఆ మూడేళ్ళు ఎప్పటి నుంచి అంటే దావా వేసే హక్కు "అక్రూ" అయినప్పటి నుంచి. హక్కు రోజుకింత చొప్పున పెరగదు కదా. నిన్న లేదు, ఈ రోజు ఉంది. అంతే. మరి ఇక్కడ "క్రమంగా" ఏమైంది? లేదు. అంటే ఈ మాటకి ప్రాణం నెమ్మదిలో లేదు, పెరుగుదలలోనూ లేదు. ఒకరికి దక్కడంలో ఉంది. తగిన కారణం నుంచి, తగిన మనిషికి చెందేలా పుట్టడంలో ఉంది. అందుకే ఇంగ్లీషులో అక్రూ పక్కన ఎక్కువగా "టు" వస్తుంది, "ఫ్రమ్" వస్తుంది. ఎవరికి, దేని నుంచి. అక్యుములేట్ పక్కన "ఇన్", "ఆన్" వస్తాయి. ఎక్కడ, దేని మీద. మీకు సందేహం వచ్చినప్పుడు ఆ వాక్యాన్ని "ఎవరికి?" అని అడగండి. బదులు పలికితే అక్రూ. "ఎక్కడ?" అంటేనే పలికితే అక్యుములేట్.

ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి ఎలా నడుస్తాయో మన ఊళ్ళలో ప్రోనోటు చూపించినంత బాగా మరేదీ చూపించదు. మీలో చాలామంది ఇళ్ళలో, పెట్టె అడుగున చీరల కింద, రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద అడ్డంగా సంతకం పెట్టిన కాగితం ఒకటైనా ఉండే ఉంటుంది. యాభై వేలు, నూటికి రెండు రూపాయలు. నెలకి వెయ్యి. ఆ వెయ్యి నెలనెలా అప్పిచ్చినవాడికి అక్రూ అవుతుంది. కట్టలేకపోయారు. మూడేళ్ళు కావస్తోంది, నోటుకి కాలదోషం పడుతుందని షావుకారు కబురు పెడతాడు. ముప్పై ఆరు నెలల వడ్డీ ముప్పై ఆరు వేలు. పాత నోటు చించి కొత్త నోటు రాయిస్తాడు, ఎనభై ఆరు వేలకి. వడ్డీ అసలులో కలిసిపోయింది. బారువడ్డీ కాస్తా చక్రవడ్డీ అయింది. మర్నాటి నుంచి నెలకి వెయ్యి కాదు, పదిహేడు వందల ఇరవై. అక్రూ అయినది అక్యుములేట్ అయి, ఆ కుప్ప మీద మళ్ళీ అక్రూ కావడం మొదలైంది. కొత్త నోటు మీద సంతకం పెట్టే ఆ రెండు నిమిషాల్లో ఒక కుటుంబం ఎంత లోతుకు దిగుతుందో నేను చాలాసార్లు చూశాను. మీరు రేపు ఆఫీసర్లవుతారు. ఆ కాగితం వెనక ఏం జరుగుతోందో మీకు ఇంగ్లీషులోనూ తెలియాలి, తెలుగులోనూ తెలియాలి.

సెలవుల సంగతి రెండు ముక్కల్లో. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి జనవరి 1న 15, జూలై 1న 15 ఆర్జిత సెలవులు ఖాతాలో పడతాయి. చేసే ఉద్యోగం వల్ల ఆయనకు దక్కేవి కాబట్టి లీవ్ అక్రూస్. వాడుకోకుండా దాచుకుంటే అక్యుములేట్ అవుతాయి, 300 రోజుల వరకు. ఈ మధ్య ఇంగ్లీషులో "ఎంప్లాయీస్ అక్రూ లీవ్" అని మనిషిని కర్తగా పెట్టి కూడా రాస్తున్నారు, డిక్షనరీలు ఒప్పుకుంటున్నాయి. కనిపిస్తే తప్పని కొట్టేయకండి. మనిషి కావాలని కూడబెట్టడానికి మాత్రం అక్యుములేటే సరైన మాట. ఆస్తి కూడబెట్టాడు, అనుభవం గడించాడు, సాక్ష్యాలు పోగుచేశాడు, అన్నీ అక్యుములేట్.

ఏరు కూడా ఈ తేడా చూపిస్తుంది. వరద తీశాక నాగావళి పక్క పొలాల్లో ఇసుక మేట వేస్తుంది. ఒక్క రాత్రిలో మోకాలెత్తు. అది అక్యుములేషన్, రైతుకి నష్టం. అదే ఏరు ఏటా ఇంత ఒండ్రు తెచ్చి గట్టుకు అంటిస్తూ పోతే, ఎప్పుడు పెరిగిందో తెలియకుండా నేల పెరుగుతుంది. రోమన్ల కాలం నుంచీ న్యాయశాస్త్రంలో ఒక సూత్రం ఉంది. అలా కంటికి తెలియకుండా కలిసిన నేల గట్టు సొంతదారుడిది. ఏరు ఒక్కసారిగా ఎగువ పొలం ముక్కని తెంపుకొచ్చి ఇక్కడ పడేస్తే అది ఆయనది కాదు, పాత సొంతదారుడిదే. మొదటిదాన్ని ఇంగ్లీషులో అక్రీషన్ అంటారు. అక్రూకి తోబుట్టువు. అక్కడా మళ్ళీ ప్రశ్న అదే. ఎవరికి?

ఇంతసేపూ ఇంగ్లీషు చెప్పాను గానీ నేను అసలు చెప్పాలనుకున్నది మన తెలుగు గురించి. డిక్షనరీ "పెరుగు" అని ఒక్క మాటతో సరిపెట్టిన చోట మన నోట్లో ఎన్ని మాటలున్నాయో చూడండి. లాభం చేకూరుతుంది. ప్రయోజనం ఒనగూరుతుంది. హక్కు దక్కుతుంది. పుణ్యం దక్కుతుంది. ఇవన్నీ అక్రూ వైపు. బురద పేరుకుంటుంది. జనం పోగవుతారు. ధాన్యం కుప్ప పోస్తాం. డబ్బు కూడబెడతాం. ఇవన్నీ అక్యుములేట్ వైపు. "బురద చేకూరింది" అని చదువు రాని ముసలమ్మ కూడా అనదు. అంటే ఈ తేడా మీకు పుట్టుకతో తెలుసు. ఇంగ్లీషు మాటకి తెలుగు అర్థం బట్టీ పట్టడంతో ఆపేస్తున్నారు, ఆ తెలుగు మాటని ఎవరు ఎక్కడ ఎలా వాడతారో ఒక్కసారి చెవిపెట్టి వినడం లేదు. నేనూ వినలేదు.

మన గిడుగు రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ రోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన సవరల మాటని సవరల నోటి నుంచే నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. అలాంటి నేల మీద పుట్టి, నాలుగు తరాలుగా అప్పులు తీర్చుకుంటూ వస్తున్న మనుషుల మధ్య కూర్చుని, వడ్డీకి వాళ్ళు ఏ మాట వాడతారో అడగాలని నాకు తోచలేదు.

ఆ పెద్దాయన దగ్గరికి వస్తాను. లెడ్జరు చూశాక నేను బయటికొచ్చి ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాను. "మీ దగ్గర పాత బాకీ ఏమీ లేదండి. తప్పు నాది. మాట తప్పు రాశాను." ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "అయితే వడ్డీ ఎంతయింది బాబూ?"

రోజుకి పాతికమంది అదే మాట అడిగేవారు. వడ్డీ ఎంతయింది? నా చెవుల ముందే ఉన్న మాట. అవడం. రోజులు గడిచాయి, వడ్డీ అయింది. అందులో నింద లేదు, బాకీ పడ్డాడన్న మాట లేదు, కుప్ప లేదు. అక్రూడ్ ఇంట్రెస్ట్‌కి అంతకంటే సరైన తెలుగు నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఆయన ఉత్తరం తీసుకుని "పేరుకుపోయిన" అన్న మాటని ఎర్ర సిరాతో కొట్టేసి, పైన "ఈ తేదీ వరకు అయిన" అని రాసి, సంతకం చేసి, బ్రాంచి ముద్ర వేసి ఇచ్చాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు. మళ్ళీ చదివాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, రసీదులన్నింటికీ పైన ఉంచి, రబ్బరు బ్యాండు వేశాడు. "ఆ పోస్టు బాబు చేత టీ కొట్టు కాడే మళ్ళీ సదివిస్తాను" అని చెప్పి లేచాడు.